ఒక జార్జ్ వాషింగ్టన్, ఒక జార్జ్ బుష్: ఇద్దరూ ప్రెసిడెంట్లు కారు

వానచినుకు
శనివారం, రాత్రి 9:40

మొన్న లాంగ్ వీకెండ్‌కి పోర్ట్‌లాండ్ వెళ్లాం. సియాటిల్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. అక్కడ సేల్స్ ట్యాక్స్ లేదు, మావారు ఆరు నెలలుగా ఒక టీవీ మీద కన్నేసి ఉన్నారు. దారిలో సెంట్రాలియా దాకా వచ్చేసరికి మా వాడు "అమ్మా, అర్జెంట్" అన్నాడు. 82వ ఎగ్జిట్ తీసుకుని ఊళ్లోకి పోతే పార్కు మధ్యలో లైబ్రరీ కనిపించింది. జార్జ్ వాషింగ్టన్ పార్కు అట. మన దగ్గర ఊరూరా గాంధీ బొమ్మ సెంటర్ ఉన్నట్టు ఇక్కడ ఈయన పేరు ఉంటుందిలే అనుకున్నాను.

మా వాడు పని ముగించుకుని వచ్చి, విగ్రహం ముందు ఆగిపోయాడు. "అమ్మా, జార్జ్ వాషింగ్టన్ నల్లాయనా?" అన్నాడు. నేను ఫోన్‌లోంచి తలెత్తకుండానే "కాదు నాన్నా, తెల్లాయనే, డాలర్ నోటు మీద ఉంటాడు చూడు" అన్నాను. "మరి ఈయన?" అన్నాడు. అప్పుడు తలెత్తి చూశాను. కంచు విగ్రహంలో పక్కన భార్య కూడా ఉంది. ఇద్దరూ నల్లజాతి వాళ్లే.

ఆ రాత్రి హోటల్లో టీవీ డబ్బాకి ఒక పక్క మావారు, ఇంకో పక్క నేను. పన్నెండింటి దాకా చదువుతూ కూర్చున్నాను. ఈ జార్జ్ వాషింగ్టన్ 1817లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి బానిస. కాక్రన్ అనే తెల్ల దంపతులు ఈ పిల్లాణ్ని తెచ్చుకుని పెంచుకున్నారు. పెద్దయ్యాక ఆ పెంచిన తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని 1850లో ఒరెగాన్ వచ్చాడు. 1852లో చెహేలిస్, స్కూకమ్‌చక్ నదులు కలిసే చోట ఒక జాగా చూసుకున్నాడు. అడవి కొట్టాడు, గుడిసె వేశాడు, సాగు మొదలుపెట్టాడు.

కానీ భూమి తన పేరు మీద రాసుకోవడానికి లేదు. 1850 నాటి డొనేషన్ ల్యాండ్ చట్టం ప్రకారం ఒంటరివాడికి 320 ఎకరాలు, పెళ్లయిన జంటకు 640 ఎకరాలు ఉచితం. తెల్లవాళ్లయితేనే. తల్లో తండ్రో తెల్లవాళ్లయి, రెండోవాళ్లు ఆదివాసులైతే వాళ్లకూ ఇస్తారు. నల్లవాళ్లకు లేదు. వేరే తెల్లవాళ్లు ఆ జాగా మీద కన్నేశారని తెలిసి, కాక్రన్ దంపతులు తమ పేరు మీద క్లెయిమ్ వేశారు. గడువు పూర్తయ్యాక ఈయనకు అమ్మేశారు.

తెలుగులో దీనికి ఒక్క మాట చాలు: బినామీ.

1875లో ఆ పొలాన్ని ప్లాట్లు చేసి భార్య మేరీ జేన్‌తో కలిసి ఊరు పెట్టాడు. మొదట సెంటర్‌విల్ అన్నారు, తర్వాత సెంట్రాలియా అయింది. ప్లాటు పది డాలర్లు. చర్చికీ, శ్మశానానికీ జాగా ఊరికే ఇచ్చాడు. 1893లో దేశమంతా బ్యాంకులు కూలి ఊళ్లో పనుల్లేక జనం వెళ్లిపోతుంటే, పోర్ట్‌లాండ్ దాకా పోయి బియ్యం, పిండి, చక్కెర తెప్పించి పంచాడు. తనకు బాకీ ఉన్నవాళ్ల ఇళ్లు జప్తు చేయలేదు. 1905లో గుర్రబ్బండి ప్రమాదం తర్వాత పోయాడు. అంత్యక్రియల రోజు ఊళ్లో షాపులన్నీ మూసేశారు.

పన్నెండేళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాం. మీకెవరికైనా తెలుసా ఈ సంగతి?


గోంగూర_గోపి
శనివారం, రాత్రి 9:58

నాకు సెంట్రాలియా అంటే ఔట్‌లెట్ షాపులు, వరదలొస్తే ఐ-5 హైవే మూసేయడం. అంతే తెలుసు.

టీవీ ఎన్ని ఇంచులు?


వానచినుకు
శనివారం, రాత్రి 10:03

75. కార్లో పట్టలేదు. ఆ కథ వేరే థ్రెడ్‌లో చెప్తాను.


టమ్‌వాటర్_శ్రీను
శనివారం, రాత్రి 11:20

మేడమ్, ఆ పార్కు నుంచి ఇరవై మైళ్లు ఉత్తరానికి వస్తే మా ఊరు టమ్‌వాటర్. మీకు జార్జ్ వాషింగ్టన్ దొరికితే మాకు జార్జ్ బుష్ ఉన్నాడు. పూర్తి పేరు జార్జ్ వాషింగ్టన్ బుష్. ఒట్టు, జోక్ కాదు. ఒలింపియా విమానాశ్రయం ఉన్న మైదానం పేరు బుష్ ప్రెయిరీ. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ప్రెసిడెంట్ గారి పేరే పెట్టారనుకుని, "ఎందుకబ్బా ఈ డెమోక్రాట్ల ఊళ్లో" అని ఆశ్చర్యపోయాను.

ఈయన మీవాడికంటే ముందువాడు. 1844లో మిస్సోరీ నుంచి ఎద్దుల బళ్ల మీద బయల్దేరాడు. భార్య ఇజబెల్లా తెల్లామె. ఐదుగురు కొడుకులు. స్నేహితుడు మైకేల్ సిమ్మన్స్ కుటుంబం, ఇంకొన్ని కుటుంబాలు. బుష్ పేదవాడు కాదు. పశువుల మీద బాగానే గడించాడు. దారి ఖర్చులకు డబ్బుల్లేని తోటివాళ్లకు సాయం చేశాడంటారు. బండి అడుగున దొంగ అర చేయించి వెండి నాణేలు దాచాడని కూడా చెప్పుకుంటారు. మా అమ్మమ్మ బియ్యం డబ్బా అడుగున నోట్లు దాచేది, ఆ బాపతు.

అదే ఏడాది వలస వచ్చిన జాన్ మింటో అనే కుర్రాడు తర్వాత జ్ఞాపకాలు రాశాడు. ఒరెగాన్‌లో నల్లవాళ్లను ఎలా చూస్తారో కనిపెట్టుకుని ఉంటాననీ, స్వేచ్ఛగా బతకనివ్వకపోతే మెక్సికో వాళ్ల ఏలుబడిలోకి పోతాననీ బుష్ తనతో అన్నాడట. అప్పటికి కాలిఫోర్నియా మెక్సికోదే. రెండు వేల మైళ్లు బండి లాగుతూ ఆ మనిషి మనసులో నడిచిన లెక్క అది. మనం వీసా స్టాంపింగ్‌కి వెళ్లేటప్పుడు ప్లాన్ బి పెట్టుకుంటామే, అలా.

అనుకున్నంతా అయింది. వాళ్లు దారిలో ఉండగానే, 1844 జూన్‌లో, ఒరెగాన్ తాత్కాలిక ప్రభుత్వం చట్టం చేసింది. నల్లజాతి మగవాళ్లు రెండేళ్లలో, ఆడవాళ్లు మూడేళ్లలో వెళ్లిపోవాలి. లేకపోతే 20 నుంచి 39 కొరడా దెబ్బలు. అయినా వెళ్లకపోతే ఆరు నెలలకోసారి మళ్లీ. దాన్ని ప్రతిపాదించిన పీటర్ బర్నెట్ తర్వాత కాలిఫోర్నియాకు మొదటి గవర్నర్ అయ్యాడు. నిజానికి ఆ కొరడా ఎవరి మీదా పడలేదు. డిసెంబర్లోనే దెబ్బలు తీసేసి వెట్టిచాకిరీ పెట్టారు, మరుసటి ఏడాది మొత్తం రద్దు చేశారు. కానీ బండి దిగీదిగగానే ఈ వార్త విన్నవాడికి అవన్నీ ముందే ఎలా తెలుస్తాయి?

అప్పుడు బుష్, సిమ్మన్స్ కలిసి కొలంబియా నది దాటి ఉత్తరానికి వచ్చేశారు. పేరుకి ఇటు బ్రిటన్, అటు అమెరికా రెండూ మాదే అంటున్న నేల. పెత్తనం మాత్రం బ్రిటన్ వాళ్ల హడ్సన్స్ బే కంపెనీది. ఒరెగాన్ చట్టం అక్కడిదాకా రాదు. 1845లో ఇక్కడ జలపాతం పక్కన దిగారు. పిండిమర పెట్టారు, రంపపు మిల్లు పెట్టారు. ప్యూజెట్ సౌండ్ అనే ఈ సముద్రపు పాయ ఒడ్డున అమెరికన్లు కట్టుకున్న మొదటి ఊరు ఇదే. ఒక నల్లాయన్ని తరిమే చట్టం లేకపోతే వీళ్లు ఇటువైపు వచ్చేవాళ్లే కాదేమో.

మిగతాది రేపు. పిల్లాడు లేచాడు.


బెజవాడ_బాబాయ్
ఆదివారం, ఉదయం 7:15

శ్రీనూ, బాగా రాశావు కానీ ఒక డౌటు. ఒరెగాన్ బానిసత్వం వద్దన్న రాష్ట్రం కదా? మంచివాళ్లు అనుకున్నానే.


టమ్‌వాటర్_శ్రీను
ఆదివారం, ఉదయం 8:40

బాబాయ్ గారూ, మెలిక అక్కడే ఉంది. బానిసలూ వద్దు, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లూ వద్దు. 1857లో రాజ్యాంగం మీద ఓటింగ్ పెడితే బానిసత్వం వద్దని భారీగా ఓట్లేశారు. నల్లవాళ్లను రానివ్వొద్దన్న దానికి అంతకంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆ నిషేధంతోనే 1859లో రాష్ట్రం అయింది. దాన్ని తీసేసింది 1926లో. రాజ్యాంగంలో మిగిలిపోయిన జాతి మాటలు తుడిచింది 2002లో! అప్పటికి మనవాళ్లు హిల్స్‌బరోలో చిప్‌ల కంపెనీల్లో చేరి గృహప్రవేశాలు కూడా చేసుకుంటున్నారు.

1849లో చేసిన ఇంకో నిషేధం కింద ఒకాయన్ని నిజంగానే వెళ్లగొట్టారు. జేకబ్ వాండర్‌పూల్, ఓడల్లో పనిచేసి వచ్చి ఒరెగాన్ సిటీలో భోజన వసతి నడుపుకునేవాడు. 1851లో ఎవరో ఫిర్యాదు చేశారు, కోర్టు వెళ్లిపొమ్మంది. పోవాల్సి వచ్చింది.

బుష్ దగ్గరికి వస్తే, 1846లో సరిహద్దు 49వ అక్షాంశం అని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. దాంతో ఈయన పారిపోయి వచ్చిన చోటు కూడా అమెరికా అయిపోయింది, చట్టం ఇంటి ముందుకే వచ్చింది. 1850 భూమి చట్టం ఈయనకూ వర్తించదు. 1845 నుంచి దున్నుతున్నాడు, చేతిలో కాగితం లేదు. సిమ్మన్సూ, మిగతా ఇరుగుపొరుగూ పూనుకుంటే 1854లో కొత్తగా ఏర్పడ్డ వాషింగ్టన్ టెరిటరీ శాసనసభ కాంగ్రెస్‌కి అర్జీ పెట్టింది. 1855లో కాంగ్రెస్ ఈ ఒక్క కుటుంబం కోసం ప్రత్యేక చట్టం చేసి 640 ఎకరాలు ఖాయం చేసింది.

ఊరు అంత గట్టిగా ఎందుకు నిలబడిందంటే 1852 చూడాలి. ఆ ఏడాది గోధుమ కరువు. పోర్టుల్లో రేటు చుక్కలంటింది. వ్యాపారులు వచ్చి నువ్వు చెప్పిందే ధర అంటే బుష్ అమ్మలేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు తిండికీ విత్తనానికీ కొలిచి ఇచ్చాడు. ఉన్నప్పుడు తిరిగివ్వండి అన్నాడట.

ఓటు హక్కు మాత్రం రాలేదు. 1863లో పోయాడు, ఒక్కసారి కూడా ఓటు వేయకుండానే.


కాకినాడ_కాజా
ఆదివారం, ఉదయం 9:30

బుష్ వల్లే ఈ రాష్ట్రం కెనడాకి పోకుండా అమెరికాకి దక్కింది అని ఎక్కడో చదివాను. కరెక్టేనా?


టమ్‌వాటర్_శ్రీను
ఆదివారం, ఉదయం 9:52

ఇక్కడివాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. నాకైతే అతి అనిపిస్తుంది. ముప్పై మంది చిల్లర జనం జలపాతం పక్కన గుడిసెలు వేసుకుంటే లండన్ వాళ్లు హడలిపోయి సంతకం పెడతారా? ఆయన గొప్పతనానికి ఆ కిరీటం అక్కర్లేదు.


పాలమూరు_పోరడు
ఆదివారం, ఉదయం 10:10

బినామీ అన్న మాట చదవగానే మా తాత యాదికొచ్చాడు. మా తాత, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుని మూడెకరాలు కొన్నాడు. సాదాబైనామా. నలభై ఏళ్లు దున్నాడు, బావి తవ్వాడు. రికార్డుల్లో మాత్రం పాత పట్టాదారు పేరే. ఆయన మనవలు వచ్చి మా పేరు మీదనే ఉందిగా అంటే ఏం చేస్తాం? ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మా నాన్న చెప్పులరిగినాయి. ఆఖరికి సగం వదులుకుని రాజీ పడ్డాం.

భూమి చేతిలో ఉండుడు వేరు, కాగితం చేతిలో ఉండుడు వేరు. బుష్‌కి పదేళ్లు పట్టింది. మాకు నలభై.


బెజవాడ_బాబాయ్
ఆదివారం, ఉదయం 10:25

తమ్ముడూ, బాధ అర్థమైంది కానీ ఒక తేడా ఉంది. మీ తాతగారికి చట్టం అడ్డం కాదు, రిజిస్ట్రేషన్ ఖర్చు, తెలియనితనం అడ్డం. బుష్‌కి చట్టమే నువ్వు పనికిరావు అంది. రెండూ ఒకటే అనేయకూడదు.


పాలమూరు_పోరడు
ఆదివారం, ఉదయం 10:31

ఒప్పుకుంటున్నా బాబాయ్. అయినా ఆ తిరుగుడు ఒక్కటే.


హైటెక్_హనుమంతు
ఆదివారం, ఉదయం 11:02

ఈ ఫోరంలో వీసా బులెటిన్, ఇళ్ల రేట్లు, ఆవకాయ మాట్లాడుకునేవాళ్లం. ఎప్పుడో చచ్చిపోయిన సెటిలర్ల గొడవ మనకెందుకండీ? మన దగ్గర సెటిలర్ అంటేనే బోలెడు గొడవలు.


మోడరేటర్_2
ఆదివారం, ఉదయం 11:05

సెటిలర్ మాట మీద ఆంధ్ర-తెలంగాణ చర్చ మొదలుపెట్టినవాళ్లను పీకేస్తాను. కూకట్‌పల్లి, నిజాంసాగర్ ఏ ఊరు పేరూ రాకూడదు. థ్రెడ్ బాగుంది, పాడు చేయకండి.


వానచినుకు
ఆదివారం, మధ్యాహ్నం 12:30

హనుమంతు గారూ, మనకెందుకో చెప్తాను. రెండేళ్ల క్రితం ఇల్లు కొన్నాం. 1940ల్లో వేసిన లేఅవుట్, ఇల్లు చిన్నదే, చెట్లు మాత్రం భలే ఉంటాయి. టైటిల్ రిపోర్టు డెబ్బై పేజీలు. మావారు సంతకాలు పెట్టే హడావుడిలో ఉంటే నేను మొండిగా మొత్తం చదివాను. ఒక పేజీలో పాత టైపురైటర్ అక్షరాల్లో ఉంది: తెల్లజాతి వాళ్లు తప్ప ఇంకెవరూ ఈ స్థలంలో నివసించరాదు, ఇంట్లో పనివాళ్లకు మినహాయింపు.

అంటే నేను ఆ ఇంట్లో ఉండాలంటే గిన్నెలు తోమాలి. (తోముతూనే ఉన్నాననుకోండి, అది వేరే సంగతి.)

ఏజెంటుని అడిగితే "అదేం చెల్లదు, పాతది, పట్టించుకోవద్దు" అన్నాడు. నిజమే, చెల్లదు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 1968 చట్టంతో పూర్తిగా పోయాయి. కానీ కాగితం మీద అలాగే ఉంటుంది. ఇల్లు ఎన్ని చేతులు మారినా వెంట వస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు ఏళ్ల తరబడి ఇలాంటి దస్తావేజులు తవ్వి తీస్తున్నారు. సియాటిల్ చుట్టూ వేల ఇళ్లకు ఉన్నాయి. మీ ఇంటికీ ఉందేమో, ఒకసారి చూసుకోండి.


హైటెక్_హనుమంతు
ఆదివారం, మధ్యాహ్నం 1:15

మాది 2016లో కట్టింది అండీ. అయినా చూస్తాను.


పాత_కాగితాలు
ఆదివారం, మధ్యాహ్నం 2:00

వానచినుకు గారి మాటకు ఇంకో మెట్టు. మనవాళ్లు కూడా ఇదే చిట్టాలో ఉన్నారు. 1907 సెప్టెంబర్ 4న బెల్లింగ్‌హామ్‌లో వందల మంది తెల్లవాళ్లు మిల్లుల్లో పనిచేసే భారతీయుల మీద పడి కొట్టి, ఊరి నుంచి తరిమేశారు. వాళ్లు ఎక్కువగా పంజాబీ సిక్కులు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అంది. థింద్ అంతకుముందు ఒరెగాన్‌లో కలప మిల్లులో పనిచేసినవాడే, అమెరికా సైన్యంలోనూ చేశాడు. పౌరసత్వం రాదు అంటే ఇక్కడ భూమీ రాదు, ఎందుకంటే 1921 వాషింగ్టన్ చట్టం పౌరులవుతామని డిక్లరేషన్ ఇవ్వలేనివాళ్లకు భూమి కొనడం, కౌలుకు తీసుకోవడం రెండూ మూసేసింది. దాన్ని ఓటర్లు తీసేసింది 1966లో.

బుష్‌కి తలుపు మూసినవాళ్లు తాళంచెవి దాచిపెట్టుకున్నారు. తర్వాత వచ్చిన చైనా, జపాన్, పంజాబ్ వాళ్లందరికీ దాంతోనే మూశారు.


భద్రాద్రి_టీచరమ్మ
ఆదివారం, సాయంత్రం 4:45

మా అమ్మాయి దగ్గరికి బెల్‌వ్యూ వచ్చి మూడు నెలలైంది. రోజూ ఈ ఫోరం చదువుతాను, రాయడం మొదటిసారి. ముప్పై ఏళ్లు ఏజెన్సీలో పంతులమ్మగా చేశాను.

అందరూ బుష్‌కి భూమి ఎలా వచ్చిందని మాట్లాడుతున్నారు బాబూ. అంతకుముందు ఆ భూమి ఎవరిది?

మా దగ్గర 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఆ చట్టం కోయవాళ్లను కాపాడటానికి వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికి గిరిజనుల పేరు మీద బినామీగా రాయించి బయటివాళ్లు అనుభవించడం నేను కళ్లారా చూశాను. మా స్కూల్లో నాలుగో తరగతి పిల్లాడి నాన్న పేరు మీద ఇరవై ఎకరాలు ఉండేవి, ఆయన మాత్రం వాటిల్లోనే రోజు కూలీ. సెంట్రాలియాలో బినామీ ఒక బక్కవాడికి అండ అయింది. మా దగ్గర అదే బినామీ బక్కవాడి గొంతు కోసింది. కాబట్టి ఆ మాట వినగానే నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.


టమ్‌వాటర్_శ్రీను
ఆదివారం, సాయంత్రం 6:20

టీచర్ గారూ, మీరు అడగాల్సిందే అడిగారు. ఇది నిస్క్వాలీ అనే ఆదివాసుల నేల. 1854 డిసెంబర్లో గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ మెడిసిన్ క్రీక్ దగ్గర ఒప్పందం రాయించుకున్నాడు. నిస్క్వాలీలకు పనికిరాని గుట్ట మీద కాస్త జాగా చూపించి మిగతాదంతా తీసుకున్నాడు. బుష్‌కి కాంగ్రెస్ పట్టా ఇచ్చింది ఆ మరుసటి ఏడాదే. నిస్క్వాలీ నాయకుడు లెషై ఎదురు తిరిగి యుద్ధం చేశాడు, 1858లో ఉరితీశారు. ఆయన నిర్దోషి అని 2004లో జడ్జీలు ప్రత్యేకంగా కూర్చుని తేల్చారు. నూట నలభై ఆరేళ్లకు.

బుష్‌కీ నిస్క్వాలీలకూ మధ్య స్నేహం ఉండేది. ఇక్కడికి వచ్చాక పుట్టిన ఆరో కొడుకుకి లూయిస్ నిస్క్వాలీ బుష్ అని పేరు పెట్టుకున్నాడు. ఎంత స్నేహమున్నా ఆయన దున్నింది వాళ్ల నేలనే. నేనింక సర్దిచెప్పలేను.


భద్రాద్రి_టీచరమ్మ
ఆదివారం, సాయంత్రం 6:41

సర్దిచెప్పొద్దు బాబూ. పేరు పెట్టుకున్నాడు కదా, అది బాగుంది.


పులివెందుల_టు_పుల్‌మన్
ఆదివారం, రాత్రి 8:05

శ్రీనన్నా, పెద్ద కొడుకు సంగతి వదిలేశావు! విలియం ఓవెన్ బుష్. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈయన గోధుమకు బహుమతి వచ్చింది. 1889లో వాషింగ్టన్ రాష్ట్రం అయినప్పుడు మొదటి శాసనసభకు ఎన్నికయ్యాడు. తండ్రి ఓటు వేయలేని చోట కొడుకు ఎమ్మెల్యే. పుల్‌మన్‌లో వ్యవసాయ కాలేజీ పెట్టే బిల్లు తెచ్చినవాళ్లలో ఈయన ఒకడు. అదే ఇప్పటి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ.

నేను అక్కడే ఎంఎస్ చేశాను. రెండేళ్లు మంచులో నడిచాను, ల్యాబ్‌లో పప్పన్నం తిన్నాను, ఈ పేరు ఒక్కసారి వినలేదు. ఆ యూనివర్సిటీ వాళ్లే చేసే కౌగర్ జున్ను డబ్బా మాత్రం ఇండియాకి మూడుసార్లు మోశాను.


ఎడ్మంటన్_చలి
ఆదివారం, రాత్రి 9:30

మా కెనడా వైపు కథ కూడా రాయనా? ఇక్కడి నుంచి ఉత్తరంగా రెండు గంటలు పోతే అథబాస్కా దగ్గర అంబర్ వ్యాలీ అని ఉంది. ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు, గడ్డి, ఒక హాలు.

ఓక్లహోమా 1907లో రాష్ట్రం అయింది. సెనేట్ పెట్టిన మొదటి బిల్లే రైళ్లలో నల్లవాళ్లను వేరు చేసేది. అదే సమయంలో కెనడా పశ్చిమంలో 160 ఎకరాలు పది డాలర్లకు రాసిస్తాం రండి అని ప్రకటనలు వేస్తోంది. వాళ్లు నిజమే అనుకున్నారు. 1910, 1911ల్లో వెయ్యి మందికి పైగా వచ్చారు. ఎడ్మంటన్ వ్యాపార సంఘం వీళ్లు వద్దని వేల సంతకాలు చేయించింది. 1911 ఆగస్టు 12న ఒట్టావా మంత్రివర్గం ఏడాది పాటు నల్లజాతి వలసను నిషేధిస్తూ ఆర్డర్ రాసింది. కారణం ఏం రాశారో తెలుసా? వీళ్లు కెనడా వాతావరణానికి పనికిరారట!

మైనస్ ముప్పైలో కారు స్టార్ట్ కాక రోడ్డు మీద ఏడ్చినవాణ్ని నేను. ఈ వాతావరణానికి ఎవడు పనికొస్తాడండీ?

ఆ ఆర్డర్ అమలు కాలేదు, అక్టోబర్‌లో వెనక్కి తీసుకున్నారు. ఈలోపు ఓక్లహోమాకి మనుషుల్ని పంపి "అక్కడ చలికి చచ్చిపోతారు" అని ప్రచారం చేయించారు. రాకడ తగ్గిపోయింది. వచ్చినవాళ్లు మాత్రం పీచు మట్టి బురదలో చెట్లు నరికి నిలబడ్డారు. అంబర్ వ్యాలీ బేస్‌బాల్ జట్టంటే చుట్టుపక్కల హడలు.


జొన్నరొట్టె_కాన్సస్
ఆదివారం, రాత్రి 10:15

నికోడీమస్ పేరు ఎవరూ ఎత్తలేదేం? కాన్సస్ సిటీ నుంచి నాలుగైదు గంటల డ్రైవ్. 1877లో కెంటకీ నుంచి వచ్చిన మాజీ బానిసలు పెట్టిన ఊరు. కరపత్రాల్లో స్వర్గం అని రాశారు. విలియానా హిక్‌మన్ అనే ఆవిడ మరుసటి ఏడాది వసంతంలో వచ్చింది. దారిలో పిల్లలు కొందరు జబ్బుచేసి పోయారు. ఊరు ఎక్కడ అని అడిగితే నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి అదే అన్నారట. ఇళ్లన్నీ నేల తవ్వి కట్టుకున్న బొరియలు. ఆవిడ కూర్చుని ఏడ్చింది. తర్వాత అక్కడే ఉండిపోయింది.

1888లో రైలు నదికి అవతలి వైపు నుంచి వేశారు, ఊరు కుదేలైంది. మన రాయలసీమలో రైలు రాని ఊళ్లకు జరిగిందే. ఇప్పుడు నేషనల్ హిస్టారిక్ సైట్. ప్రతి జులై చివర పాత కుటుంబాల వారసులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలుస్తారు. ఒక ఏడాది మేమూ వెళ్లాం. ఒక పెద్దావిడ మా పాపకు ప్లేటు నిండా పెట్టి, ఇంకా పెట్టుకోమని వెంటపడింది. అచ్చం మా అత్తమ్మ.


చార్మినార్_చాయ్
సోమవారం, ఉదయం 6:50

హైదరాబాద్ నుంచి చిన్న మాట. ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ ఆఫీసుకు పోతాను. చాలా ఏళ్లు అది ఎయిర్ కండిషన్డ్ అనుకునేవాణ్ని. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అట, నిజాం సైన్యంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం. వాళ్ల కుటుంబాలు ఇప్పటికీ ఆ గల్లీల్లో ఉన్నాయి. అమెరికా వాళ్లను అనడానికేముంది, బోర్డు చదివి సాగిపోయేవాళ్లలో నేనే ఫస్ట్.


గోంగూర_గోపి
సోమవారం, ఉదయం 8:00

నేనూ ఇన్నాళ్లూ ఎయిర్ కండిషన్డే అనుకున్నా. సిగ్గు పడుతున్నా.

సరే, వచ్చే శనివారం మా ఫ్యామిలీ రోస్లిన్ వైపు పోతోంది. అక్కడేమైనా ఉందా?


పాత_కాగితాలు
సోమవారం, ఉదయం 9:10

బోలెడు ఉంది. బొగ్గు ఊరు. 1888లో కార్మికులు సమ్మె చేస్తే రైల్వే వాళ్ల బొగ్గు కంపెనీ తూర్పు నుంచి నల్లజాతి కార్మికులను రైళ్లలో తెచ్చింది, తుపాకీ కాపలాతో. సమ్మె సంగతి వాళ్లలో చాలామందికి ముందు చెప్పలేదు. దిగాక గానీ తెలియలేదు, తాము ఎవరి పొట్ట మీద కాలు పెట్టామో. తర్వాత అదే ఊళ్లో ఉండిపోయారు, అవే గనుల్లో పక్కపక్కన పనిచేశారు. 1892 పేలుడులో 45 మంది పోయారు, అందులో తెల్లా నల్లా ఇద్దరూ ఉన్నారు. ఊరి పైన గుట్ట మీద శ్మశానాలు చూడండి, ఒక్కో జాతికి ఒక్కోటి. నల్లవాళ్లది మౌంట్ ఆలివెట్. 1970ల్లో ఆ ఊరికి విలియం క్రేవెన్ మేయర్ అయ్యాడు, ఈ రాష్ట్రంలో మొదటి నల్లజాతి మేయర్ ఆయనే.

మధ్యాహ్నం లోపు వెళ్లండి. పైన నీడ ఉంటుంది కానీ దోమలు.


వానచినుకు
తర్వాతి ఆదివారం, రాత్రి 9:15

అప్‌డేట్. ఈ వారం రెండు పనులు చేశాను.

ఒకటి, మా ఇంటి కాగితం. ఆ పాత షరతు చెల్లదని రికార్డులో చేర్పించడానికి కౌంటీలో ఒక ఫారం ఉంది, ఫీజు లేదు. పాత పేజీ చింపేయరు, అది అక్కడే ఉంటుంది. దాని పక్కన ఇది చెల్లదు అని కొత్త పేజీ చేరుతుంది. చింపేస్తే బాగుండు అని మావారు. చింపొద్దు, ఉండనీ అని నేను. ఇంకా తేలలేదు.

రెండు, శనివారం ఒలింపియా వెళ్లాం. శ్రీను గారు వాళ్లావిడతో పులిహోర కట్టించుకుని వచ్చారు, థాంక్స్ అన్నా. మిస్సోరీ నుంచి తెచ్చిన గింజతో బుష్ 1845లో వేసిన బటర్‌నట్ చెట్టు, మన అక్రోట్ జాతి, నూట డెబ్బై ఏళ్లకు పైగా బతికిందట. దాని సంతానం ఒక మొక్క క్యాపిటల్ ఆవరణలో బుష్ స్మారకం దగ్గర పెరుగుతోంది. మొదలు ఇంకా సన్నగానే ఉంది.

మా వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి కాయలు ఎప్పుడు కాస్తాయి అన్నాడు. శ్రీను గారు ఫోన్ తీసి వెతకబోతే టీచరమ్మ గారు (అవును, ఆవిడా వచ్చారు) ఆకు ఒకటి వేళ్లతో నలిపి వాసన చూసి, "ముందు వేరు దిగనీ నాన్నా" అన్నారు.


గోంగూర_గోపి
తర్వాతి ఆదివారం, రాత్రి 9:22

రోస్లిన్ దోమల గురించి చెప్పినాయన ఎక్కడ? తక్కువ చేసి చెప్పారు.